ఓడిపోవడానికి ఒక అమ్మాయి

ఆ శనివారం పొద్దున్నే శ్యామసుందరి పులిహోర కలుపుతోంది. దక్షిణార్ధగోళం కదా, టూంగాబీలో ఆగస్టంటే చలికాలం. పెరట్లో గొడుగులా తిరిగే దండెం మీద నిన్నటి బట్టలు మంచుకి బిగుసుకుపోయి అట్టల్లా వేలాడుతున్నాయి. వంటింట్లో మాత్రం ఇంగువ పోపు ఘుమఘుమలాడుతోంది.

"ఎవరికే ఇంత?" అన్నాడు రాజారావు టై ముడి వేసుకుంటూ. శనివారమైనా అతనికి ఆఫీసే. సిటీలో ఒక బ్యాంకు వాళ్ళ పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నారు. తొంభైతొమ్మిది దాటితే కంప్యూటర్లు వెర్రెక్కిపోతాయని, వాటినన్నిటినీ వెతికి నాలుగంకెలు చేసే పని. "జనవరికి లోకం మునుగుతుందో లేదో గానీ నా సంసారం ముందే మునిగింది" అని శ్యామసుందరి గుడివాడలో ఉన్న చెల్లెలితో ఫోనులో అంటూ ఉంటుంది.

"పింకీ వాళ్ళ కోచ్‌కి" అంది.

టై ముడి దగ్గర అతని చెయ్యి ఆగింది. "ఆయనకెందుకు?"

"ఎందుకేమిటండీ? ఏడాదంతా బెంచీకి అంటుకుపోయిన పిల్లని ఈమధ్య మొదట్నుంచి చివరిదాకా ఆడిస్తున్నాడు. ఆమాత్రం విశ్వాసం ఉండొద్దూ మనకి? వట్టి చేతుల్తో వెళ్ళి థాంక్యూ అంటే ఏం బావుంటుంది?"

"వెళ్తావా? నువ్వా?"

"ఏం, నాకు కాళ్ళు లేవా?"

రాజారావు ఏదో చెప్పబోయాడు. గడియారం చూసుకున్నాడు. "సరే, నువ్వే గెలిచావు" అని బూట్లు తొడుక్కుని రైలుకి పరిగెత్తాడు.

ఆ మాట అతనికి అలవాటు. కూర దగ్గర్నుంచి కర్టెన్ల రంగు దాకా అన్నిట్లోనూ "నువ్వే గెలిచావు" అనేసి వెళ్ళిపోతాడు. గెలిచిన శ్యామసుందరికి మిగిలేది ఫ్రిజ్ మోత. పక్కింటి ముసలాయన చెత్తబుట్ట లాక్కుంటూ "మార్నింగ్" అంటాడు, ఈమె "మార్నింగ్" అంటుంది. కొన్ని రోజులు ఆమె గొంతు పెగిలేది ఆ ఒక్క మాటకే.

పింకీ నిరుడు స్కూలు ముగించింది. యూనివర్సిటీలో కంప్యూటర్ సీటు వస్తే, దాన్ని ఏడాది వాయిదా వేయించుకుని బాస్కెట్‌బాల్‌లోకి దూకింది. హెరాన్స్ అని ఆడపిల్లల జట్టు. హెరాన్ అంటే కొంగట. ఆ పిల్లల ఎత్తు చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది. చేతికేదో కాస్త ముట్టచెబుతారు కాబట్టి ఉద్యోగమే అంటుంది పింకీ. ఇంట్లో పెద్ద రభసే అయింది. చివరికి రాజారావే తీర్పు చెప్పాడు. "ఈ సీజన్లో బెంచీ దిగి ఆడితే నీ దారి నీది. లేకపోతే ఫిబ్రవరిలో నోరెత్తకుండా యూనికి వెళ్ళాలి."

శ్యామసుందరి తన అలక తను చూపించింది. "ఆ గెంతులాట చూడ్డానికి నేను రాను" అంది, అన్నట్టే వెళ్ళలేదు. కూతురు ఆట సంగతి చెప్పడం మానేసింది. తల్లి అడగడం మానేసింది. ఒకే ఇంట్లో ఒకరు తిన్న కంచం ఇంకొకరు కడగడమే మిగిలింది. అందుకే, ఈమధ్య తనని ఆడిస్తున్నారని పింకీ ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాక ఆమె లోపల ఏదో కరిగింది. కరగడానికి ఎన్నాళ్ళనుంచో సాకు కోసం చూస్తోందేమో కూడా.

పింకీ వచ్చి నిలబడే టోస్టు కొరుకుతోంది. "ఇదంతా ఏంటి?"

"మీ గ్రెగ్‌కి. నేనూ వస్తున్నా ఇవాళ."

నోట్లో ముక్క నమలడం ఆగింది. "ఇవాళా? నో అమ్మా. ఇవాళ వద్దు. నెక్స్ట్ ఇయర్ రా."

"మీ నాన్న లెక్కలో నెక్స్ట్ ఇయర్‌కి లోకమే ఉండదే!"

"ఐయామ్ సీరియస్. గ్రెగ్‌కి ఫుడ్డూ గిడ్డూ ఇవ్వకు ప్లీజ్. ఇట్స్ సో ఎంబరాసింగ్."

"పులిహోర ఎంబరాసింగా? పోనీ, చీర కట్టుకోన్లే. ప్యాంటేసుకుని దొరసానిలా వస్తా, సరేనా?"

"చీర గురించి కాదు..." పింకీ తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఎన్నాళ్ళకో కనిపించిన వెలుగుని ఏం చెయ్యాలో తోచలేదు కాబోలు, కారు తాళాలు అందుకుంది. "సరే. పద."

రేకుల కప్పు వేసిన పెద్ద హాలది. లోపల బయటికన్నా చలి. గ్రెగ్ ఆరడుగుల ఎర్రటి మనిషి. శ్యామసుందరి దారంతా నెమరేసుకున్న ఇంగ్లీషు అప్పజెప్పింది. "థాంక్యూ ఫర్ గివింగ్ ఛాన్స్ టు మై డాటర్."

ఆ ఎర్రటి మనిషి చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. డబ్బా అందుకుని తన బూట్లకేసి చూసుకుంటూ, "షీ ఈజ్ ఎ గుడ్ కిడ్" అన్నాడు. పాపం, సిగ్గరి అనుకుంది శ్యామసుందరి.

మెట్ల వరసల్లో జనం పలచగా ఉన్నారు. ఉన్ని అల్లుకుంటున్న మొరీన్ అనే పెద్దావిడ జరిగి చోటిచ్చింది. ఏళ్ళ తరబడి ఒక్క ఆటా వదలకుండా చూస్తోందట. బెంచీ మీద నలుగురైదుగురు పెద్ద ప్లేయర్లు మోకాళ్ళకి ఐసు సంచులు పెట్టుకుని నవ్వుకుంటున్నారు.

"పాపం, అందరికీ ఒకేసారి దెబ్బలు తగిలాయా?" అంది శ్యామసుందరి.

మొరీన్ నవ్వింది. "దెబ్బలూ లేవు, పాడూ లేదు. ట్యాంకింగ్, లవ్."

లవ్ అన్నది ఆప్యాయతకని తెలుసు గానీ, శ్యామసుందరికి ట్యాంకంటే డాబా మీద నీళ్ళ ట్యాంకే. అర్థం కాని మొహం చూసి మొరీన్ విప్పి చెప్పింది. ఈ లీగ్‌లో అందరికన్నా ఆఖరున నిలిచిన జట్టుకి, వచ్చే ఏడాది కొత్త అమ్మాయిల్లోంచి ముందుగా ఏరుకునే హక్కు ఇస్తారు. ఈసారి డబ్బో అనే ఊరినుంచి ఒక పిల్ల వస్తోంది. తలెత్తి చూడాల్సిన ఎత్తు, బంతి పట్టుకుంటే ఇక తిరుగు లేదు. ఆ పిల్ల కావాలంటే ఆఖరున ఉండాలి. ఆఖరున ఉండాలంటే ఓడిపోవాలి.

"అందుకని మంచివాళ్ళని కూర్చోబెట్టి, చేతకానివాళ్ళని ఆడిస్తున్నారు. చూడు, ఆ సన్నటి ఇండియన్ పిల్ల..." అంటూ మొరీన్ ఇటు తిరిగింది. ఆమె చేతిలో సూదులు ఆగిపోయాయి. "ఓ, లవ్. నీ కూతురా?"

శ్యామసుందరి తలూపింది. మొరీన్ మళ్ళీ అల్లిక మొదలుపెట్టింది గానీ, ఆమెకి కుట్లు కుదరడం లేదు.

శ్యామసుందరి చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఆటలాడుతుంటే, మాట్లాడడం కూడా సరిగ్గా రాని బుడతలు వచ్చి ఏడ్చేవాళ్ళు. వాళ్ళని ఆటలో అరటిపండుగా చేర్చుకునేవాళ్ళు. అరటిపండు పరిగెత్తచ్చు, అరవచ్చు, కానీ దాని మీద పందెం వెయ్యరు. దాన్ని ఎవరూ ఔట్ చెయ్యరు. అయినా ఆ అరటిపండుని ముద్దుకొద్దీ ఆడించేవాళ్ళు. తన పిల్లని ఎందుకు ఆడిస్తున్నారు? ఓడిపోవడం కోసం. అలా ఆడిస్తున్నవాడికి తను స్వయంగా పులిహోర కలిపి తీసుకొచ్చి, ఛాన్స్ ఇచ్చినందుకు థాంక్స్ చెప్పింది.

అప్పుడే పింకీ బంతి లాక్కుని, ఇద్దరిని తప్పించుకుని, వేసింది. పడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ పడింది. మొరీన్ ఉన్ని పక్కన పడేసి "గో ఆన్!" అని అరిచింది. శ్యామసుందరికి ఆట తెలియకపోయినా కూతురి ఒంట్లో ఆ ఆట ఉందని తెలిసింది. వంటింట్లో ముడుచుకుని తిరిగే పిల్ల ఇక్కడ విప్పారింది. బోర్డు మీద హెరాన్స్ అంకె పైకి పోయింది.

గ్రెగ్ లేచి చెయ్యి ఊపాడు. పింకీని బయటికి పిలిచాడు.

బాగా ఆడినందుకు పిల్లని పక్కకి లాగెయ్యడం శ్యామసుందరి తన కళ్ళతో చూసింది. పింకీ బెంచీ చివర కూర్చుని భుజాల మీద తువ్వాలు కప్పుకుంది. పక్కనున్న ఐసు సంచుల అమ్మాయిలు పులిహోర డబ్బా తెరిచి ప్లాస్టిక్ చెంచాలతో తింటున్నారు. ఒకమ్మాయి తలెత్తి శ్యామసుందరికి బొటనవేలు చూపించింది, బాగుందన్నట్టు. ఈమె నవ్వాల్సి వచ్చింది. అంత కష్టమైన నవ్వు తన పెళ్ళిలో కూడా నవ్వలేదు.

హెరాన్స్ హాయిగా ఓడిపోయారు.

ఇంటికెళ్ళేసరికి రాజారావు వచ్చేసి టీవీ ముందున్నాడు. పింకీ స్నానానికి వెళ్ళింది. శ్యామసుందరి టీవీ ఆపేసింది.

"పిల్లని ఎందుకు ఆడిస్తున్నారో తెలుసా మీకు?"

"తెలుసు."

ఆమె సోఫా అంచున కూలబడింది. "తెలుసా?"

"రైల్లో పేపర్ చూస్తాను కదా. రాశారు. పొద్దున చెబుదామనే అనుకున్నా. నీ మొహం చూసి..."

"చూసి?"

రాజారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను వద్దంటే నేను చెడ్డవాణ్ణి. నువ్వు వద్దంటే నువ్వు చెడ్డదానివి. ఇంకెంత, ఒక్క మ్యాచ్. అయిపోతే దానికే విసుగు పుట్టి యూనికి వెళ్తుంది. మన చేతికి మట్టంటకుండా పని జరిగిపోతుందనుకున్నా శ్యామా."

"అంటే మీరూ ఓడిపోతున్నట్టు నటిస్తున్నారు. మీకు కావలసింది చేతికొచ్చేదాకా." "ఇన్నేళ్ళూ నువ్వే గెలిచావు, నువ్వే గెలిచావు అంటుంటే, మా ఆయన మెతక అనుకున్నాను. అది మెతకదనం కాదన్నమాట. ఆ గ్రెగ్‌కి చెవులైనా ఎర్రబడ్డాయండీ! మీకు అదీ లేదు. అందరూ కలిసి నా పిల్లని ఆటలో అరటిపండుని చేశారు."

"అరటిపండు కాదమ్మా."

తడి జుట్టుతో పింకీ గుమ్మంలో నిలబడి ఉంది.

"చిన్నప్పుడు నువ్వే చెప్పావు కదా. అరటిపండుకి తను అరటిపండునని తెలీదు. నాకు తెలుసు. అందరికన్నా ముందు నాకే తెలుసు. ఆ డబ్బో అమ్మాయి వస్తే టీమ్‌లోంచి పోయేది ఎవరు? నేనే. నా చోటు ఖాళీ చెయ్యడానికి నన్నే ఆడిస్తున్నారు. ఫన్నీ కదా?"

"తెలిసీ ఎందుకాడావే?" అంది శ్యామసుందరి.

"ఇంకెప్పుడు ఆడిస్తారు అమ్మా? వాళ్ళకి ఓడిపోవడం కావాలి. నాకు ఆడడం కావాలి. కోర్టులో ఉన్నంతసేపూ ఎందుకు పెట్టారో గుర్తు రాదు, తెలుసా?" అంటూ తండ్రి వైపు తిరిగింది. "నేను యూనికి వెళ్తాను నాన్నా, ఫిబ్రవరిలో. అది ఇవాళ కాదు, ఎప్పుడో డిసైడయ్యాను. మీరు నన్ను అడిగితే చెప్పేదాన్ని. అడక్కుండా వెయిట్ చేశారు."

రాజారావు కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోయాడు.

"మరి నన్నెందుకు రావద్దన్నావు?" అంది తల్లి.

పింకీ గొంతు చిన్నపిల్లదిలా అయింది. "మొదట్లో ప్రతి మ్యాచ్‌కీ స్టాండ్స్ వైపు చూసేదాన్ని. అందరి అమ్మలూ వచ్చేవారు. నువ్వు లేవు. చూడడం మానేశాను. తీరా నువ్వొచ్చింది ఈ మ్యాచ్‌కి. నేను... నేను నిజంగా ఆడే మ్యాచ్‌కి రావాలనుకున్నానమ్మా."

శ్యామసుందరికి ఒక్కసారిగా ఈ ఇల్లు కనిపించింది. ఫ్రిజ్ మోత వింటూ ఇక్కడ తను ఒక్కతే అనుకుంది. అక్కడ రేకుల హాల్లో, ఖాళీ మెట్ల కేసి చూస్తూ పిల్ల కూడా ఒక్కతే. పంతం తనది. శిక్ష ఇద్దరిదీ. ఆమె లేచి కూతురి తడి తల పమిటతో తుడవబోయి, ఒంటి మీద పమిట లేదని గుర్తొచ్చి, ప్యాంటు మీదికి వేసుకున్న చొక్కా అంచుతోనే తుడిచింది. పింకీ ఆ చొక్కాలో మొహం దాచుకుని ఏడ్చింది. రాజారావు దగ్గరికి రావాలో వద్దో తెలియక నిలబడి ఉంటే, శ్యామసుందరే అతని చెయ్యి పట్టుకు లాగింది.

మరుసటి శనివారం ఆఖరి మ్యాచ్. "రావద్దు. నేను దిగితే ఎక్కడ గెలిచిపోతామోనని గ్రెగ్ నన్ను ఆడించడు, చెప్పేశాడు" అంది పింకీ.

ఇద్దరూ వెళ్ళారు. బ్యాంకుకి సెలవు చెప్పి రాజారావు వెళ్ళిన మొదటి శనివారం అది. పింకీ ఒక్క క్షణం కూడా కోర్టులోకి దిగలేదు. జట్టు ఓడింది. ఆఖరి స్థానం ఖాయమైందని ఎవరో చప్పట్లు కొట్టారు. జనం పార్కింగులోకి కదిలారు. హాలు ఊడ్చే అతను తాళాల గుత్తితో తలుపు దగ్గర నిలబడ్డాడు.

శ్యామసుందరి అతని దగ్గరికి వెళ్ళి తనకొచ్చిన ఇంగ్లీషులో ఏదో అడిగింది. అతను భుజాలెగరేసి, గోడకి ఆనుకున్నాడు.

"ఇప్పుడు ఆడవే" అంది కూతురితో.

"ఎవరితో? ఎవరూ లేరుగా."

"ఎవరూ లేకపోవడమేమిటి? మీ నాన్న లేరూ?"

రాజారావు కోటు విప్పి మడతపెట్టాడు. ఆఫీసు బూట్లు నున్నటి నేల మీద జారుతుంటే వాటినీ విప్పేసి, మేజోళ్ళతోనే కోర్టులోకి దిగి, బంతి వెనకాల పరిగెత్తడం మొదలుపెట్టాడు. దొరికిన బంతిని బిందె ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి ఇస్తుంటే పింకీ విరగబడి నవ్వింది. అంత పెద్ద హాల్లో ఆ నవ్వు చాలాసేపు తిరిగింది.

శ్యామసుందరి మెట్లెక్కి నడిమధ్యన కూర్చుంది. చుట్టూ ఖాళీ వరసలు. పింకీ వేసిన మొదటి బంతి అంచుకి తగిలి పక్కకి పోయింది. పాత అలవాటు కొద్దీ ఆ పిల్ల చటుక్కున తలెత్తి మెట్ల కేసి చూసింది.

అమ్మ ఉంది.

"మళ్ళీ వెయ్యి" అంది అమ్మ.