ఖాళీ లేని ఆదివారాలు

పెద్ద వరదకి వంతెన కొట్టుకుపోయిన ఏడు అది. ఎక్కడికెళ్లాలన్నా ఊరి చుట్టూ తిరిగి పోవాలి. డాక్టరుగారింట్లో నలుగురి పనులకీ కలిపి ఒకటే కారు. దానికి నేను డ్రైవర్ని.

చేరిన రోజే తిట్లు తిన్నాను.

"ఆలస్యం!" అంది డాక్టరుగారి పెద్దమ్మాయి, చేతిలో సుద్దముక్కతో గుమ్మంలో నిలబడి.

"రోడ్డంతా బురదండీ."

"బురదని కూడా లెక్కేసుకుని బయల్దేరాలి."

వంటింటి గోడకి ఒక నల్లబల్ల ఉండేది. డాక్టరుగారికి తెల్ల సుద్ద. కాలేజీలో పాఠాలు చెప్పే వాళ్లమ్మకి పసుపు. తమ్ముడికి నీలం, చెల్లెలికి ఎరుపు. ఎవర్ని ఎక్కడ దింపాలో, ఎప్పుడు తేవాలో అంతా పెద్దమ్మాయే రాసేది. బల్ల మీద లేనిది ఆ ఇంట్లో జరగదు. ఆమెకి గడియారం అని పేరు పెట్టాను.

"గడియారంగారూ, మీ రంగేది?"

"నేనెక్కడికి పోతానని? నువ్వు ముందు ఆ హారన్ తగ్గించు. ఎదురింటి తాతగారు కూడా చెప్పులేసుకుని బయటికొచ్చేస్తున్నారు."

ఒకరోజు వాన వదల్లేదు. అందరి ప్రయాణాలూ ఆగాయి. ఆమెకి రాసే పని లేదు, నాకు తోలే పని లేదు. వసారాలో టీ తాగాం. నా మనసులో ఉన్నది చెప్పేశాను.

ఆమె చేతిలో సుద్దముక్క విరిగింది.

"ఇన్నాళ్లు పట్టిందా చెప్పడానికి?"

"బల్ల మీద రాయలేదు కదా మీరు."

నవ్వింది. ఆ నవ్వు చూసి అన్నాను, "రేపు కారులో మీ నాన్నగారిని అడిగేస్తా."

"వద్దు. డ్రైవరుగా వెనక్కి తిరిగి అడక్కు. లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని అడుగు. ఆదివారం సాయంత్రం రాస్తాను."

రాసింది. ఆ సాయంత్రం వాళ్లమ్మకి మీటింగు పడింది. చెరిపేసింది. పైవారం తమ్ముడి మ్యాచ్. మళ్లీ చెరిపేసింది. నేను అడగాల్సిన వేళకి డాక్టరుగారిని ఆ ఆటకి తీసుకెళ్లింది కూడా నేనే.

"ఇలా అయితే నేను ముసలాణ్నవుతా," అన్నాను.

"ఏం చెయ్యను? వాళ్ల పనులు ఆగవు కదా."

"మనది ఆగుతుందా?"

సుద్ద తీసుకుని మర్నాటి పనులు రాయడం మొదలుపెట్టింది.

అంతలో వేరే ఊళ్లో బస్సు తోలే ఉద్యోగం వచ్చింది. మంగళవారం చేరాలి. ఆమెకి చెప్పాను. ఆ ఆదివారం మాత్రం చెరపలేదు. లోపలికెళ్లి కుర్చీలో కూర్చున్నాను. అందరూ ఉన్నారు. అడిగాను.

డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మంచివాడివే. అమ్మాయికి ఇష్టమైతే నాకూ ఇష్టమే. కానీ ఇప్పటికిప్పుడంటే ఎలాగయ్యా? ఇది వెళ్తే మా సంగతి?"

"చిన్నదాని పరీక్షలవ్వనీండి," అంది వాళ్లమ్మ.

"ఆ తర్వాత నా ఫైనలియర్ అమ్మా!" అన్నాడు తమ్ముడు.

"అక్కెళ్తే నా జడెవరేస్తారు?" అంది చిన్నది. అందరూ నవ్వారు.

నేను పెద్దమ్మాయి వైపు చూశాను. ఆమె ఏమైనా అంటుందని. లేచి బల్ల దగ్గరికెళ్లింది. సుద్ద తీసింది. తల్లి చెప్పింది రాసింది, తమ్ముడు చెప్పింది రాసింది. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"వచ్చే ఏడు కుదరదు. ఆ పైఏడు వేసవిలో రెండు వారాలు ఖాళీ ఉంది. నీకు కుదురుతుందా?"

హాస్యమాడుతోందేమోనని మొహం చూశాను. కాదు. చోటు దొరికినందుకు సంతోషంగానే ఉంది.

"రేపు నాతో వచ్చెయ్," అన్నాను, అందరి ముందే.

"రేపా? రేపెలా?" అంది.

డాక్టరుగారు వాచీ చూసుకుని లేచారు. ఆసుపత్రికి టైమైందట. నేనే తీసుకెళ్లాను.

మర్నాడు పొద్దున కారు కడిగాను. చిన్నదాన్ని బడి దగ్గర, వాళ్లమ్మని కాలేజీ దగ్గర, డాక్టరుగారిని ఆసుపత్రి దగ్గర దింపాను. తిరిగొచ్చి తాళాలు ఆమె చేతిలో పెట్టాను. వాటిని గట్టిగా పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

"మరి మధ్యాహ్నం అమ్మని ఎవరు తీసుకొస్తారు?" అంది.

బస్టాండుకి నడిచాను.