డాష్‌బోర్డు వెనక పొగ

గన్నవరంలో వెంకటసుబ్బారావు గారి పాత విలాయతీ కారులో ఎవరు కూర్చున్నా, చనిపోయిన ఆయన తండ్రి వచ్చి గొంతు పట్టుకుంటాడని 1974 వేసవి నాటికి ఊరంతా నమ్మింది. తాళం తిప్పగానే డాష్‌బోర్డు వెనక నుంచి పొగ వచ్చేది. కూర్చున్నవాడు కళ్లు మండి, ఊపిరాడక, దగ్గుతూ బయటికి దూకేవాడు. రెండుసార్లు అలాగే జరిగింది.

రెండుసార్లూ వైరింగు చేసినవాడు ఆటోనగర్ రహ్మాన్. అతని భార్య జహీదా విజయవాడలో ప్రైవేటు డిటెక్టివ్ ఛాయాదేవి ఆఫీసుకు వచ్చింది. సహాయకుడు మరియదాసు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఊరేమో దయ్యం అంటోందండీ. ఆ కారాయనేమో మా ఆయనకి పని రాదంటున్నాడు. మా షెడ్డు స్థలం ఆయనదే. తప్పు ఒప్పుకోకపోతే శుక్రవారానికి ఖాళీ చెయ్యాలంట. ఒప్పుకోం, ఖాళీ చెయ్యం!"

"మరి నా దగ్గరికెందుకు వచ్చావమ్మా?"

"మాది పొగరు కాదు, నిజం అని చెప్పడానికి ఇంకో మనిషి కావాలండీ."

ఛాయాదేవి వెంటనే లేచింది. మరియదాసు ఆదివారం ప్రభువునూ, మిగతా ఆరు రోజులూ ఛాయాదేవినీ నమ్మేవాడు. కాబట్టి ఎక్కడికని అడగకుండా వెంట నడిచాడు.

షెడ్డులో రహ్మాన్ మూడోసారి కట్టిన వైరింగును చెక్కబల్ల మీద పరిచి, బ్యాటరీ తగిలించాడు. ఒక్కొక్క బల్బూ వెలిగింది. మీటరు ముల్లు కదిలింది. హారన్ మోగింది.

"కారుకి బిగించే ముందు ప్రతిసారీ ఇలాగే చూస్తానండీ. బిగించాక ఇక్కడే స్టార్టు చేసి పంపిస్తా. ఆయన ఇంటికి చేరేదాకా బంగారంలా ఉంటుంది. తెల్లారితే పొగ!"

"కాలినప్పుడు రబ్బరు వాసనేనా?"

"అదీ ఉందండీ. కానీ ఆ ఘాటు వేరు. రబ్బరు కాలితే నాకెప్పుడూ అంత దగ్గు రాలేదు."

వైరింగు బిగించిన కారులో ఆ సాయంత్రం అందరూ గన్నవరం చేరారు. వరండాలో వెంకటసుబ్బారావు నవ్వాడు. ఆయన చూపుడువేలికి గుడ్డకట్టు ఉంది.

"నాకు దయ్యాల మీద నమ్మకం లేదండీ. చేతకాని పని అంటాను, అంతే."

"వేలికేమైంది?"

"సిగరెట్టు కాలింది."

"మీరు కాలుస్తారా?" ఛాయాదేవి చుట్టూ చూసింది. వరండాలో ఒక్క యాష్‌ట్రే కూడా లేదు. ఆయన మాట మార్చాడు.

మర్నాడు ఉదయం ఛాయాదేవి అందర్నీ కారు చుట్టూ నిలబెట్టింది. మరియదాసు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"బల్ల మీద బాగున్న వైరింగు, షెడ్డులో బాగున్న కారు, ఈ ఇంట్లో రాత్రి గడిపాకే చెడుతోంది. అంటే ఈ ఇంట్లోనే దానికి ఏదో కలుస్తోంది. ఆ ఘాటు రబ్బరుది కాదు, వంటింటిది. రహ్మాన్, డాష్‌బోర్డు పలక విప్పు."

రహ్మాన్ స్క్రూలు తీసి డాష్‌బోర్డు వంచాడు. దాని వెనక, ఇనుప తీగకు గుచ్చిన నిమ్మకాయ, మూడు ఎండుమిరపకాయలు వేలాడుతున్నాయి. తీగ ఒక కొస కారు ఇనుముకు చుట్టి ఉంది. రెండో కొస, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే స్క్రూకు తగిలించి ఉంది.

"కట్టేటప్పుడు ఏమీ కాదు," అంది ఛాయాదేవి. "తాళం తిప్పితే తీగ ఎర్రగా కాలి, దాంతోపాటు వైరింగూ కాలుతుంది. ఈ దారిలో ఫ్యూజు లేదు. కాలిన తీగను ఎవరూ చూడకముందే లాగేసినవారి వేలు కూడా కాలుతుంది."

వెంకటసుబ్బారావు తల వంచుకున్నాడు. "మా నాన్న ప్రాణంలా చూసుకున్న కారండీ. దిష్టి తగులుతుందని భయం. కారు ముందు కడితే నలుగురూ నవ్వుతారని లోపల కట్టాను. కాలిన కొద్దీ ఇంకా భయం పెరిగి మళ్లీ కట్టాను."

"ఆ భయానికి మా ఆయన చేతుల్ని బలిచ్చారా?" జహీదా గొంతు పెంచింది. "షెడ్డు ఖాళీ చెయ్యం. ఇప్పుడే ఆటోనగర్‌కి రండి, ఈ మాట అక్కడ నలుగురిలో చెప్పండి!"

ఆయన రహ్మాన్ పక్కన ఆ కారులోనే బయల్దేరాడు. తీగ తీసేశాక తాళం తిరిగింది, ఇంజను పలికింది, పొగ రాలేదు.

ఆ కారులో మనుషుల గొంతు పట్టింది కాలిన మిరపకాయ.