రాతినార మిల్లులో దగ్గు

గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో రాతినార మిల్లు వచ్చిందంటే చాలు, మా వాళ్లు ముక్కుకు కండువా అడ్డంపెట్టుకుని గబగబా నడిచేవాళ్లు. పైకప్పు రేకుల్లో కలిపే తెల్లటి ఆస్బెస్టాస్ నారను అక్కడ దంచేవాళ్లు. మిల్లు మూతపడి చానా ఏళ్లయినా, పొద్దుగూకితే లోపల్నుంచి దగ్గు వినపడేది... ఒకరిది కాదు, పదిమందిది.

మిల్లు ఆగితే చావులూ ఆగాలి గదా? ఆగలేదు — ఏటికేడు పెరిగాయి. ముందు దంచినోళ్లు పోయారు. ఆ తర్వాత వాళ్ల బట్టలు దులిపి ఉతికిన ఆడోళ్లు. ఊపిరితిత్తుల పొరకి క్యాన్సరన్నాడు గుంటూరు డాక్టరు.

ఎనభై ఆరులో అనుకుంటా, మిల్లు నడిచిన రోజుల్లో మేనేజరుగా చేసిన ఆనందరావు అక్కడి మోటారు విప్పించుకుపోదామని వచ్చాడు. వెంట మెకానిక్ మక్బూల్. ఇదంతా అతను చెప్పిందే.

తలుపు తీస్తుండగానే లోపల దగ్గు.

"సార్... పొద్దున్నే వద్దాం," అన్నాడు మక్బూల్ గొంతు తగ్గించి.

"ఏందిరా నీ భయం? ఎవడో ముష్టోడు పడుకుని ఉంటాడు." టార్చి పట్టుకుని ఆనందరావు లోపలికి పోయాడు.

ధడేల్మని తలుపు మూసుకుంది.

లోపల ఆడగొంతు — మెల్లగా, ఆయాసపడుతూ... "పిండి లాంటిదే, ఏం కాదన్నావుగా సారూ... పీల్చు."

గోనెసంచి దులుపుతున్న చప్పుడు. దగ్గు. ఇంకా దగ్గు... "మక్బూల్! తియ్యరా!"

గడియ లేదు, తాళం లేదు — భుజమేసి తోసినా తలుపు కదల్లేదు.

ఉన్నట్టుండి దానంతటదే తెరుచుకుంది. ఆనందరావు పాక్కుంటూ బయటికొచ్చాడు, తల నుంచి కాళ్లదాకా తెల్లగా. మక్బూల్ లోపల టార్చి వేసి చూశాడు. దుమ్ములో ఆనందరావు చెప్పుల గుర్తులే... ఇంకెవరివీ లేవు.

కానీ ఆ గొంతు మక్బూల్ ఎరిగిందే. నార దంచి దంచి పోయిన నూర్ మొహమ్మద్ పెళ్లాం, ఖాతూన్ బీది. దెయ్యమనుకుందామంటే ఆమె బతికే ఉంది! మొగుడి జబ్బే ఆమెకూ వచ్చి మంచాన పడుంది.

మేనేజర్ని ఆస్పత్రిలో దించి, నేరుగా ఆమె ఇంటికి పోయాడు. కూతురు ముంతాజ్ విసనకర్రతో విసురుతోంది.

"అమ్మీ మంచం దిగి నెల దాటింది భాయ్," అంది. "ఇందాక ఎందుకో... నవ్వింది."

ఖాతూన్ బీ గోళ్లనిండా తెల్లటి నార.

మక్బూల్ మంచం పక్కన వంగాడు. "చాచీ... మరి తలుపెందుకు తీశావు?"

ఆమె కళ్లు తెరిచింది.

"ఇవాళే పోతే ఎట్టా బేటా? మీ నూర్ చాచాకి పోడానికి ఇరవై ఏళ్లు పట్టింది... వాడూ నిదానంగానే పోవాలి."