ఏరిన బియ్యంలో రాళ్ళు

ఉదయం 9:40. గల్ఫ్‌లో అజైబా అనే పేట. మూడో అంతస్తు ఫ్లాట్.

పోయింది నగ కాదు. ఆరేళ్ళ ఎహసాన్ అల్ట్రాసౌండ్ రిపోర్ట్, ఫిల్మ్‌తో సహా. నిన్న సాయంత్రం డైనింగ్ టేబుల్ మీదున్న కవరు తెల్లారేసరికి మాయం.

బిల్డింగ్ సెక్యూరిటీ సూపర్‌వైజర్ జిలాని ఒకప్పుడు ప్రొద్దుటూరులో హెడ్ కానిస్టేబుల్. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ గేటుకు కాపలా, గోడలతో కబుర్లు. కేసనగానే ప్రాణం లేచొచ్చింది, పాపం.

"కాపీ క్లినిక్‌ల ఇస్తరు, జిలాని భాయ్," అంది పిల్లాడి తల్లి రషీదున్నీసా. "కాని ఇంట్ల దొంగను పెట్టుకోను. డ్రైవరో, పనామెనో. ఎవరైతే వాళ్ళు ఇయ్యాలనే ఊరికి పోతరు."

"రిపోర్ట్‌లో ఏముండాది మేడం?"

"బాల్ తగిలి నొప్పంటే స్కాన్ తీయించినం. టెస్టిక్యులర్ మైక్రోలిథియాసిస్ అంట. బీజాలల్ల చిన్న చిన్న రాళ్ళు." "పదకొండున్నరకు డాక్టర్ దగ్గరికి పోవాలె."

"ఈ మాట ఇంట్లో ఎవురు విన్నారు?"

"పని మీద దుక్మ్ ఊర్ల ఉన్న మా ఆయనకు ఫోన్‌ల చెప్పిన. అందరు విన్నరు."

డ్రైవర్ షఫీ నిన్న సాయంత్రం ఆరుకే తాళాలిచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతే రషీదున్నీసా కవరును టేబుల్ మీద పెట్టింది. షఫీ మీద అనుమానం పోయింది.

వంటింట్లో పనామె, కడప మల్లీశ్వరి, నేల మీద గుడ్డ పరిచి కూర్చుంది.

"ఏం జేస్తాండావమ్మా?"

"బియ్యం ఏరతా ఉండా, అన్నా." తలెత్తలేదు.

సీలు వేసి వచ్చే బాస్మతి. అందులో రాయి దొరికితే కంపెనీవాడే వచ్చి శాలువా కప్పుతాడు. పైగా ఇంట్లో తినేది ముగ్గురు. గుడ్డ మీద పది కిలోలు.

10:25. జిలాని బియ్యం డబ్బాను హాల్లోకి తెచ్చి చెయ్యి పెట్టాడు. అడుగున మిగిలిన బియ్యం కింద కవరు.

"అల్మారాలన్నీ వెతికినారు. రాయి లేని బియ్యం ఎందుకు ఏరతాందని ఎవురూ అడగలా. 'రాళ్ళు' అనే మాట విన్నందుకే గదమ్మా?"

మల్లీశ్వరి భోరుమంది.

"నా వంటతోనే బిడ్డకు రాళ్ళొచ్చినాయనుకుంటి. ఫిల్మ్‌లో తెల్ల చుక్కలు నూకల మాదిరే ఉండాయి. ఏం పెట్టినావని డాక్టరు అడిగితే నన్ను పంపిచ్చేస్తారు. ఈడ నాతో మాట్లాడేది ఆ బిడ్డొక్కడే."

రషీదున్నీసా డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. డాక్టరు హిందీలో చెప్పినదాన్ని జిలాని మల్లీశ్వరికి విడమరిచాడు.

"అవి తిండితో వచ్చే రాళ్ళు కాదంట. సన్న సున్నపు పలుకులంట. మందొద్దు, ఆపరేషనొద్దు. బీజం కిందికి దిగకపోవడం లాంటి తేడా ఇంకేం లేదు కాబట్టి మాటిమాటికీ స్కాన్ కూడా వద్దంట. పెద్దయినాక తనే తడిమి చూసుకోవడం నేర్పాల. ఈ పొద్దు ఒకసారి చూపించుకుంటే చాలంట, మళ్ళా గడ్డ తగిలితేనే రమ్మన్నాడు."

"నన్నొక్క మాట అడగకపోయినవా?" అంది రషీదున్నీసా.

"ఎప్పుడు మేడం? నాలుగేండ్లల్లో మీరు నాతో వంట మాట తప్ప మాట్లాడింది లేదు."

రషీదున్నీసా కవరుకు అంటిన బియ్యం దులిపి బ్యాగులో పెట్టుకుంది.

"ఊరికి ఎవ్వరు పోరు," అంది రషీదున్నీసా చివరికి. "చీర మార్చుకో. డాక్టర్ దగ్గరికి నువ్వు గూడ రా."

జిలాని లిఫ్ట్‌లో కిందికి దిగాడు. కేసు గెలిచిన సంతోషం రెండో అంతస్తు దాకా కూడా నిలవలేదు. మల్లీశ్వరికి మాట్లాడటానికి ఒక బిడ్డన్నా ఉన్నాడు. ఇవాళ తను మాట్లాడిన ఆ నాలుగు తెలుగు మాటలు ఎన్ని నెలల తర్వాతో లెక్కవేయబోయి, మానుకున్నాడు.