ఆకుల్లో లేని పీక్

"ఈ ఆకుల పొడిలో మీరేం కలిపారు?"

ల్యాబ్ కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడి నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఏం కలుపుతామండీ? ఆకులు ఎండబెడతాం, పొడి కొడతాం, తెస్తాం. అంతే."

"అంతే అయితే నేనెందుకు అడుగుతాను?"

అడిగినామె అక్కడ శాంపిల్స్ పరీక్షిస్తుంది. ల్యాబ్‌లో ఆమెను చాటుగా 'ఇన్‌స్పెక్టర్' అంటారు. పాలవాడు ఓ గరిటె ఎక్కువ పోస్తే, ఎందుకు పోశాడా అని ఆలోచించే రకం. ఈ కుర్రాడి మీదైతే మొదటి నుంచీ ఓ కన్నేసే ఉంచింది. వాళ్ళ నాన్న మందుల కంపెనీలకు ఆకుల పొడి అమ్ముతాడు. అందులో యాంటీ ఆక్సిడెంట్లు ఏవి, ఎంత ఉన్నాయో ఈ ల్యాబ్ తేల్చి చెబితేనే సరుకు కదులుతుంది. కొరియర్‌లో వేస్తే సరిపోయే శాంపిల్‌ని ఇతను పనిగట్టుకుని మోసుకొస్తాడు. వచ్చినవాడు ఒక పట్టాన కదలడు. ఆమె కళ్ళజోడు మార్చినా కనిపెట్టేస్తాడు. మొన్నైతే, కాఫీ తాగుదాం రమ్మన్నాడు.

రిపోర్టు కోసం కాకా పడుతున్నాడు అనుకుందామె. అనుకుంటూనే, ఇంటికెళ్ళి అద్దంలో ఆ కళ్ళజోడుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది కూడా.

ఇప్పుడు స్క్రీన్‌ని అతనివైపు తిప్పింది.

"ఆకుల సారాన్ని ద్రావకంతో కలిపి, ఈ మిషన్‌లోని సన్నటి గొట్టంలోంచి పంపిస్తాం. ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. వచ్చినప్పుడల్లా ఈ గీత ఇలా కొండలా పైకి లేస్తుంది, దాన్నే పీక్ అంటాం. ముందున్నవన్నీ ఆకులో ఉండేవే. చివర నిలబడ్డాడే, వీడు బీహెచ్‌టీ. నూనెలు పాడవకుండా కలిపే యాంటీ ఆక్సిడెంట్. ఫ్యాక్టరీలో తయారవుతుంది. చెట్టుకి కాయదు."

"మా నాన్న అలాంటి పని చేయరండీ."

"ఎవరి నాన్న గురించైనా వాళ్ళ పిల్లలు అదే అంటారు."

అతని ముఖం మాడిపోయింది. "ఇదే రాసిస్తే సరుకంతా వెనక్కొస్తుంది. ఇంకెవరూ మా దగ్గర కొనరు."

"అందుకేనా కాఫీ?"

"నేను పిలిచింది మిమ్మల్నండీ, మీ రిపోర్టుని కాదు. మీ ఇంటి ఆకు ఏదైనా ఉంటే అదీ పెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది ఎవరేం కలిపారో."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు అక్క కుండీలోంచి నాలుగు ఆకులు తుంచుకొచ్చి, సారం తీసి, మిషన్‌కి ఎక్కించింది. చివర్లో అదే పీక్, అదే చోట లేచింది.

వెంటనే ఫోన్ అందుకుంది. "అక్కా, కుండీలో మొక్కకి ఏం పోస్తున్నావు?"

"నీళ్ళే."

"నీళ్ళేనా? నిజం చెప్పు."

"ఓసి నీ అనుమానం తగలెయ్యా! ఇప్పుడు నా వంతు వచ్చిందా? ఇంక మీ బావ ఒక్కడే మిగిలాడు, ఆయన్నీ పిలవనా?"

ఫోన్ పెట్టేశాక ఆమెకు అనుమానించడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. గాజు సీసాలు అయిపోయాయని తనే తెప్పించిన కొత్త ప్లాస్టిక్ ట్యూబులు బల్ల మీద వరసగా ఉన్నాయి. రెండు సారాలనూ తను ఉంచింది వాటిలోనే. ఒక ట్యూబులో ఉత్త ద్రావకం పోసి, కాస్త నాననిచ్చి, మిషన్‌కి ఎక్కించి కూర్చుంది. గీత చాలాసేపు చదునుగా సాగింది. హమ్మయ్య అనుకోబోతుండగా, చివర్లో పీక్ తాపీగా లేచి నిలబడింది. గాజు సీసాలో పోసిన ద్రావకంలో మాత్రం అది లేదు.

ప్లాస్టిక్ పాడవకుండా కూడా బీహెచ్‌టీ కలుపుతారు. దాన్నే ద్రావకం లాగేసింది. ఆకుల తప్పేమీ లేదు.

ఆమె తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్ళింది. "పొరపాటు నాదే సార్. ట్యూబులు చూసుకోలేదు."

"రిపోర్టు ఇంకా బయటికి వెళ్ళలేదుగా?"

"రిపోర్టు వెళ్ళలేదు సార్. నోరే జారింది."

గాజు సీసాల్లో మళ్ళీ పరీక్ష చేస్తే ఆకుల పొడి శుభ్రంగా తేలింది. రిపోర్టు తీసుకెళ్ళమని కబురు పెట్టింది. అతను వచ్చేసరికి బయట సన్నగా వాన. ఈసారి కౌంటర్ మీదికి వాలలేదు, పలకరించలేదు.

"మీ పొడి మంచిదే. తేడా మా ట్యూబుల్లో ఉంది," అంది ఆమె. "మీ నాన్నగారి గురించి నేనలా అనాల్సింది కాదు. క్షమించండి."

అతను రిపోర్టు చదివి జాగ్రత్తగా మడతపెట్టాడు. "థాంక్సండీ. ఇకనుంచి మా శాంపిల్స్ వేరే ల్యాబ్‌కి పంపమని నాన్నకి చెప్పేశాను."

"అంత కోపమా?"

"కోపం కాదండీ. నా సరుకు మీ చేతిలో ఉన్నంతకాలం నేనేం చెప్పినా మీకు అనుమానమే. మీ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకుందును. ఇప్పుడు మీతో నాకు ఏ పనీ లేదు." రిపోర్టుని జేబులో పెట్టుకున్నాడు. "పని లేదు కాబట్టే చెబుతున్నా. నాకు మీరంటే ఇష్టం."

ఆమె అతని ముఖంలోకి తేరిపార చూసింది. అలవాటు కొద్దీ దాని వెనక ఇంకేదైనా ఉందేమోనని వెతికింది. ఏమీ కనబడలేదు. చెవులు వేడెక్కాయి.

"నాతో వేగడం కష్టం," అంది మెల్లగా.

"చూశానుగా."

నవ్వాపుకోలేక, తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి, అతనితో పాటు గుమ్మం దాకా నడిచింది. వాన పెద్దదయింది. అతను గొడుగు విప్పాడు. ఆమె కళ్ళు చిన్నవయ్యాయి.

"వాన పడుతోందని తెలిసీ ఒక్క గొడుగే తెచ్చారేం? కావాలనే కదూ?"

"అవునండీ," ఒప్పేసుకున్నాడు అతను.

ఆమె ఇంకేమీ అడగకుండా గొడుగు కిందికి వచ్చింది.