కుక్కర్ రబ్బరుకు నీచు వాసన

కావలిలో మందుల షాపు పైనున్న డిటెక్టివ్ మహాలక్ష్మి ఆఫీసులోకి ఆ పొద్దున చేపల వాసన ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. యాభై దాటిన మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. ప్లాస్టిక్ కవరులోంచి కుక్కర్ మూత రబ్బరు తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, ఈ కంపు నాది కాదు" అంది.

అసిస్టెంట్ రూఫస్ ముక్కు మూసుకోబోయి, ఆమె ముఖం చూసి చెయ్యి దించేశాడు.

ఆమె పేరు సామ్రాజ్యం. విడవలూరులో చంద్రమౌళి క్యాటరింగ్‌లో వంటమనిషి. పప్పూ సాంబారూ తప్ప నీచు గడప తొక్కని వంటిల్లు అది. ఆమె చేతి సాంబారు కోసమే ఆర్డర్లు వస్తాయని ఊరంతా అనుకుంటారు.

"సొంతంగా క్యాటరింగ్ పెట్టుకుందామని కుక్కర్లు కూడా కొనుక్కున్నానమ్మా. చెంచురామయ్య గారు కూతురి నిశ్చితార్థానికి తొలి ఆర్డరు నాకే ఇచ్చినారు. నిన్న పొద్దున నేను పనికి పోయేసరికి చంద్రమౌళి సారు కుక్కర్ మూత పట్టుకుని వీధిలో నిలబడి ఉన్నాడు. రాత్రి నేను అందులో చేపలు వండుకున్నానంట! 'మీ వాళ్లకి నీచు లేకపోతే ముద్ద దిగదు' అని వీధి వీధంతా వినేట్టు అరిచినాడు. ఈ రబ్బరు పెరికి నా ముఖాన కొట్టినాడు. ఇవాళ సాయంత్రంలోగా సంగతి తేలకపోతే ఆర్డరు లేదన్నారు చెంచురామయ్య గారు. ఈ మాట పడ్డాక నాకింక ఎవరిస్తారమ్మా పని?"

రూఫస్‌కి ఒళ్లు మండిపోయింది. అతనిది వాకాడు. ఆదివారం చర్చికెళ్లే కుటుంబం. 'మీ వాళ్లు' అనే మాట అతనికి కొత్తది కాదు.

మహాలక్ష్మి మాత్రం రబ్బరును ముక్కు దగ్గర పెట్టుకుని తీరిగ్గా వాసన చూసింది. "కుక్కర్ రోజూ ఎట్లా కడుగుతావు?"

"రబ్బరు ఊడదీసి వంటసోడా నీళ్లలో నానేస్తానమ్మా. నిమ్మతొక్కతో రుద్ది, కడిగి, గాలాడేట్టు మేకుకి తగిలిస్తా. విజిల్‌ని నిమ్మతొక్కలేసిన నీళ్లలో మరిగిస్తా. వ్రతాల వంటలకి వెల్లుల్లి వాసన కూడా తగలకూడదు కదా."

"మొన్న సాయంత్రం కూడా?"

"అంతా చేసే ఇంటికి పోయినా. తాళాలు సారు దగ్గరొకటి, అక్కడ పైపని చేసే పెంచలకృష్ణ దగ్గరొకటి. నాకు లేదు."

"మరి రాత్రి లోపలికి ఎట్లా పోయినావంట?"

"పెంచలకృష్ణ తీసినాడంటాడు సారు."

మహాలక్ష్మి లేచి బండి తాళం రూఫస్ చేతిలో పెట్టింది.

చంద్రమౌళి వంటింటి గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. నుదుట విభూతి, గొంతులో కారం. "మా నాయన కాలం నుంచీ నీచు ఎరగని ఇల్లు మేడమ్ ఇది. మైల చేసి పెట్టింది."

"ఆ కుక్కర్ చూడొచ్చా?"

"అదుగో. నిన్నట్నుంచి చెయ్యి కూడా పెట్టలేదు."

మహాలక్ష్మి విజిల్ తీసి వాసన చూసి, రూఫస్‌కి ఇచ్చింది. కమ్మటి నిమ్మకాయ వాసన. రూఫస్ మళ్లీ చూశాడు. నిమ్మకాయే.

"రాత్రి వండిందంటున్నారు. విజిల్స్ ఎవరైనా విన్నారా?"

"నేను ఇంట్లో నిద్రపోతుంటిని. కందిపప్పుకే నాలుగు కావాలి, చేపకి ఇంకో రెండు ఎక్కువే వచ్చుంటాయి" అన్నాడు చంద్రమౌళి విసుగ్గా. "అవన్నీ నాకెందుకు? నేను పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదు."

పెరట్లో అరటాకులు కోస్తున్న పెంచలకృష్ణ వాళ్లని చూడగానే తలొంచుకున్నాడు. అతని క్యారేజీలోంచి చేపల పులుసు వాసన గుప్పున కొట్టింది. దొంగ దొరికాడనుకున్నాడు రూఫస్. మహాలక్ష్మి మాత్రం వియ్యంకుణ్ని పలకరించినట్టు పలకరించింది. "పులుసు ఎవరు పెట్టినారన్నా?"

"మా ఆడమనిషి అక్కా. మట్టి చట్టిలో. ముక్క చెదిరిపోతుందని గరిటె కూడా పెట్టదు, చట్టి పట్టుకుని తిప్పుద్ది."

"సామ్రాజ్యానికి తలుపు తీసినావా?"

"దేవుడి మీద ఒట్టు, తీయలా." ఇంకేదో చెప్పబోయి గుమ్మం వైపు చూశాడు. అక్కడ చంద్రమౌళి నిలబడి ఉన్నాడు. పెంచలకృష్ణ మళ్లీ అరటాకులు కోయసాగాడు.

సాయంత్రం అదే వంటింట్లో అందరినీ కూర్చోబెట్టింది మహాలక్ష్మి. చెంచురామయ్య కుర్చీలో, సామ్రాజ్యం గోడవారన, మిగతా ఇద్దరూ ఎదురుగా.

"చేప ఈ కుక్కర్లో ఉడికితే ఆవిరి ఎటు పోవాలి? విజిల్లోంచే కదా. రబ్బరు కంపు కొడుతుంటే విజిల్ మాత్రం నిమ్మకాయ వాసన వస్తోంది. చెంచురామయ్య గారూ, మీరే చూడండి."

ఆయన చూసి, ఆశ్చర్యంగా తలూపాడు.

"అంటే ఇందులో చేప ఉడకనే లేదు. మేకుకున్న రబ్బరు తీసి చేపలు కడిగిన నీళ్లలో నానబెట్టి, మూతకి తగిలించినారు. తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. పెంచలకృష్ణ ఇంట్లో పులుసు రోజూ కాగుతుంది. కానీ ఈ తీరంలో చేప తినే ఏ ఇంట్లోనైనా అడగండి, పులుసు కుక్కర్లో పెట్టి విజిళ్లు కొట్టిస్తారా? ముక్క మిగులుతుందా? ముద్దయిపోదూ! నేనూ తింటాను, నాకు తెలుసు. పెంచలకృష్ణకి తెలుసు, సామ్రాజ్యానికి తెలుసు. నింద వెయ్యాలనుకుంటే వాళ్లెవరూ కుక్కర్ జోలికే పోరు. చేపని కూడా కందిపప్పులాగా ఉడికిస్తారనుకునేది, పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మనిషొక్కడే."

అందరి కళ్లూ చంద్రమౌళి మీదికి తిరిగాయి.

"అబద్ధం!" అన్నాడు అతను.

"కాదు సారూ" అంటూ పెంచలకృష్ణ లేచాడు. "మొన్న నా చేత చేప తెప్పించినావు, పెరట్లో పిల్లికని. ఈ పెరట్లో పిల్లి యాడుండాది? పని పోతుందని నోరు మూసుకున్నా. ఈ పాపం నాకొద్దు."

చంద్రమౌళి ముఖం పాలిపోయింది. "ఆమె పోతే నా దగ్గరికెవరొస్తారు?" అని గొణిగాడు. అంతలోనే మెత్తబడి, "జరిగిందేదో జరిగింది సామ్రాజ్యం. పనిలోకొచ్చెయ్, జీతం పెంచుతా" అన్నాడు.

ఎంత సిగ్గులేని మాట! రూఫస్ పిడికిలి బిగుసుకుంది. మహాలక్ష్మి కళ్లతోనే ఆపింది.

చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆర్డరు నీదేనమ్మా. కాకపోతే, మావాళ్ల తృప్తికి కొత్త కుక్కర్లు మేమే తెప్పిస్తాం."

సామ్రాజ్యం ఇప్పుడు లేచి నిలబడింది.

"కొత్తవెందుకయ్యా? నా తప్పు లేదని ఇప్పుడే మీ చెవులారా విన్నారు. నా కుక్కర్లలోనే వండుతా, నా చేత్తోనే వడ్డిస్తా. అనుమానముంటే ఇంకొకరిని చూసుకోండి."

చెంచురామయ్యకి తల కొట్టేసినట్టయింది. "తప్పయిపోయింది తల్లీ. నీ కుక్కర్లే తెచ్చుకో" అన్నాడు.

ఆమె చంద్రమౌళి వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు లేవు, నిప్పులున్నాయి. "నన్ను వీధిలో అన్నావు. వీధిలోకే రా."

"రేపు చెప్తాలే..."

"ఇప్పుడే!" ఈసారి అరిచింది రూఫస్. మహాలక్ష్మి అతన్ని ఆపలేదు.

చంద్రమౌళి గడప దాటాడు. దీపాలు పెట్టే వేళ. అరుగుల మీద ఆడవాళ్లు మాటలాపేశారు. "సామ్రాజ్యం చేపలు వండలేదు. రబ్బరుకి వాసన పట్టించింది నేనే" అని నోట్లోనే అన్నాడు.

"గట్టిగా చెప్పు సారూ" అంది సామ్రాజ్యం. "నిన్న చివరింటిదాకా వినబడింది."

అతను మళ్లీ చెప్పాడు, అరిచి.