బిస్మిల్లా బీ గొంతు నొప్పి

పొద్దున్నే పాలు పొంగకముందే మున్వర్ తల్లికి పాఠం మొదలుపెట్టాడు.

"అమ్మా, పెండ్లిచూపులకొచ్చే వాళ్ళు ఉర్దూలో మాట్లాడతారు. నువ్వు నోరు తెరిస్తే తెలుగే వస్తాది. గొంతు నొప్పని నేను చెప్తా, నువ్వు తలూపు చాలు."

"యాభై ఎనిమిదేండ్లలో నేను గొంతు నొప్పి ఎరగనురా. వచ్చింటే మీ నాయన మొక్కు తీర్చుకునేటోడు," అని నవ్వింది బిస్మిల్లా బీ.

కొడుకు నవ్వలేదు. జమ్మలమడుగులో మూడు తరాలుగా పరుపులు కుట్టే దూదేకుల ఇల్లు అది. అయిదు పూటలా నమాజు చేస్తారు, కలలు మాత్రం తెలుగులో కంటారు. కువైట్‌లో పనికి పోయినప్పుడు మున్వర్ గదిలోని వాళ్ళు "ఇంట్లో ఉర్దూ లేని మీరు సగం ముసల్మానులే" అని ఆరేళ్ళు ఎగతాళి చేశారు. ఇప్పుడు చెల్లెలు ఆఫ్రీన్‌కు ప్రొద్దుటూరు నుంచి మంచి సంబంధం వచ్చింది. అది ఎక్కడ చేజారుతుందోనని, వసారాలోని దూది మూటలు కూడా పక్కింటి యల్లమ్మ ఇంట్లోకి చేరవేశాడు.

ఆఫ్రీన్‌కు ఒళ్ళు మండిపోయింది. "అమ్మను మూగదాన్ని చేసి నాకు పెండ్లి చేస్తావా అన్నా? అట్లయితే ఈ సంబంధం నాకొద్దు!"

"నీ కోసమే గదే చేస్తాండేది!"

"ఊరుకోండి. ఒక్కపూట మాట్లాడకుంటే నేనేం అరిగిపోను," అంది తల్లి. అన్నదే గానీ మనసు చివుక్కుమంది. కన్న కొడుకే తనను దాచుకుంటున్నాడు.

పదింటికి పెళ్ళికొడుకు మొయిన్, అతని తల్లి మసరత్ వచ్చారు. మసరత్ ఉర్దూలో ఎంత ఆప్యాయంగా పలకరించినా బిస్మిల్లా బీ తలూపడమే. అమ్మకు గొంతు నొప్పని, కువైట్‌లో నేర్చిన ఉర్దూలో జవాబులన్నీ మున్వరే చెప్పాడు. చూస్తుండగానే మసరత్ ముఖం చిన్నబోయింది.

అంతలో వాకిట్లో యల్లమ్మ కేక.

"బిస్మిల్లక్కా! మూటలు మా ఇంట్లో పడేసినారు, సరే. రేపే మనవరాల్ని తొట్లో ఏస్తాండాం. పసిదాని పరుపు కుడతావా లేదా?"

మున్వర్ కళ్ళతోనే బతిమాలాడు. కానీ ఆ పరుపు ఆమె మాట ఇచ్చిన పని. పైగా పసిబిడ్డది.

"కుట్టకుండా యాడికి పోతానే! ముందా బూరుగు దూది ఎండలో పరుచు. పాత దూది కలిపితే నీ తాట తీస్తా!"

ఆ గొంతు వీధి చివరిదాకా వినపడింది. మున్వర్ తల వాలిపోయింది.

మసరత్ ఒక్కసారిగా నవ్వేసి తెలుగులోకి దిగింది. "అమ్మయ్య! నా కొడుకు నీకు నచ్చలేదేమో, అందుకే పలకడం లేదేమోనని శానా బాధపడినా వదినా." తరువాత మున్వర్ వైపు తిరిగింది. "మీరు ఎవరనేది కనుక్కోకుండానే వచ్చినామా నాయనా? మావాళ్ళలో ఒకరిద్దరు గొణుగుతాండారు. వాళ్ళకు నేను చెప్పుకుంటా. నువ్వే అమ్మను దాచిపెడితే, రేపు ఈ పిల్ల మా ఇంట్లో తలెత్తుకొని ఎట్లా తిరుగుతాది?"

మున్వర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"మేం దూదేకులోళ్ళం ఖాలా," అన్నాడు మసరత్‌తో మెల్లగా. "ఈ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా మాయమ్మ కుట్టిన పరుపు మీదనే పండుకున్యాది."

ఆరేళ్ళలో కువైట్‌లో ఎవరికీ చెప్పలేకపోయిన మాట అది. బిస్మిల్లా బీ కొంగుతో కళ్ళొత్తుకుని, కొడుకు తల నిమిరింది.

"ఇంగోసారి చెప్పురా."

మున్వర్ మళ్ళీ చెప్పాడు, ఈసారి వీధిలోకి వినపడేలా.